పెయింటు కింద

రాత్రి నుంచి అన్నం లేదు.
పొద్దున్న టీ కూడా వద్దన్నారు, పంచదార వేయకపోయినా సరే.
చేతి నరంలోకి మాత్రం
సీసపు డబ్బాలోంచి తీసిన చక్కెర ఎక్కించారు.
"రెండు గంటలు కదలకండి, మాట్లాడకండి" అంది టెక్నీషియన్ సెలీనా.
"కండరం కదిలితే అదే తినేస్తుంది అంతా."

మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటే.
ముప్పై ఒక్క ఏళ్లు షిప్‌యార్డులో
డ్రై డాక్‌లోకి వచ్చిన ఓడల పొట్టల మీద
జెల్లు రాసి, ప్రోబు ఆనించి
రేకు ఎంత మందం మిగిలిందో చదివేవాణ్ణి.
పన్నెండు మిల్లీమీటర్లుండాల్సిన చోట
ఏడు.
పైన ఎర్ర పెయింటు నిగనిగలాడుతూనే ఉండేది.
సుద్దముక్కతో సున్నా చుట్టి పక్కకి జరిగేవాణ్ణి.
కెప్టెన్లందరిదీ ఒకటే మాట:
నీళ్లేమీ రావట్లేదు కదా.

సూరాడ దానయ్య కూడా అదే అన్నాడు.
"గొట్టాలు సుబ్బరంగున్నాయన్నాడు డాట్రు,
ఇంకేటి బయ్యం?"
యాంజియో రిపోర్టు నాలుగు మడతలేసి చొక్కా జేబులో పెట్టుకుని
ఫిషింగ్ హార్బర్లో వంజరం బేరమాడాడు,
ముప్పై రూపాయల కాడ పట్టుబట్టి.
పదకొండో రోజు
సింధియా బస్టాపులో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
బస్సు వచ్చింది.
లేవలేదు.

గొట్టం పూడలేదు ముందు.
గోడ పగిలింది.

అందుకే ఈ బల్ల మీద ఉన్నాను.
"లోపల దారి ఎంతుందో అందరూ చూస్తారు,
మేం గోడ చూస్తాం" అంది డాక్టర్ నఫీసా.
గోడలోకి కొవ్వు దూరుతుందట.
దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయట.
తిని, ఉబ్బి, వెనక్కి పోలేక
అక్కడే పొయ్యి పెట్టుకుంటాయట.
రిపేరుకొచ్చి
ఓడలోనే కాపురం పెట్టేసిన వెల్డర్లన్నమాట.
వాళ్ల ఆకలే ఆవిడకి ఆనవాలు.
ఆకలున్న చోటికి చక్కెర పోతుంది,
చక్కెర పోయిన చోటు వెలుగుతుంది.

యంత్రం నోరు గుండ్రంగా, చల్లగా.
ఓడ అడుగు ట్యాంకులోకి మ్యాన్‌హోల్లోంచి దూరినట్టే ఉంది,
పాత డీజిలు వాసన ఒక్కటే తక్కువ.
అప్పుడు టార్చి నా చేతిలో ఉండేది.
ఇప్పుడు టార్చి నేనే.

తెర మీద నన్ను చూపించారు.
మెదడు భగభగలాడుతోంది,
అది మామూలేనట, దానికెప్పుడూ ఆకలే.
మూత్రాశయం డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌లా ఉంది,
దాన్ని చూసీ భయపడొద్దంది.
ఆవిడ వేలు ఆగింది వేరేచోట:
ఎడమ మెడలో, రక్తనాళం రెండుగా చీలే మలుపులో
గోరుచివరంత మెరుపు.

దారి బార్లా తెరిచే ఉంది అక్కడ.
నొప్పి లేదు, తిమ్మిరి లేదు.
మొన్న సింహాచలం మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను.
జేబుల్లేని ఆసుపత్రి గౌనులో
నా చెయ్యి సుద్దముక్క కోసం వెతికింది.

"తుప్పా?"
"ఇంకా కాలేదు. నిప్పు."
ఎప్పుడంటుకుంటుందని అడిగాను.
అది ఈ బొమ్మ చెప్పదంది.
ఎవరూ చెప్పలేరంది, ఇంకా నేర్చుకుంటున్నామంది.
ఎన్ని ఓడలకి నేను రాయలేకపోయిన మాట అది.
రాత్రికో మాత్ర రాసింది,
సిగరెట్టు ఊసెత్తగానే నా ముఖం చూసి
ఆ ముక్క కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రం దాకా పసిపిల్లల దగ్గరికి పోవద్దన్నారు.

సింధియా బస్టాపులో
దానయ్య బెంచీ మీద కూర్చున్నానో లేదో
చంకన బిడ్డతో ఒకామె వచ్చింది.
లేచి దూరంగా ఎండలోకి జరిగాను.
"అయ్యో, కూకోండి బాబూ, చోటుంది గదా" అంది.
ఏమని చెప్పను?
ఒంట్లో వెలుతురు సాయంత్రానికి ఆరిపోతుందన్నారు.
అది చక్కెర మాట.
నిప్పు మాట కాదు.

బస్సు వచ్చింది.
ఆమె ఎక్కింది, కిటికీలోంచి బిడ్డ నన్నే చూస్తోంది.
తర్వాతి బస్సు కోసం
నిలబడే ఉన్నాను.